లేని మూడు లైన్లు

ఆ ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ ఒత్తులక్క అనేవాళ్ళు. ఇరవయ్యేడేళ్ళలో ఆవిడ కన్నుగప్పి ఒక్క ఒత్తు కూడా అచ్చులోకి జారిపోలేదని అక్కడ చెప్పుకునేవాళ్ళు. రచయితలు రాతప్రతి ఇస్తూ "ప్రూఫులు ఒత్తులక్క గారే చూస్తారు కదా?" అని అడిగి మరీ ఇచ్చేవాళ్ళు. పుస్తకం కొని చదివేవాళ్ళకి మాత్రం అలాంటి మనిషి ఒకావిడ ఉందనే తెలియదు. అచ్చుతప్పు కనపడితేనే ప్రూఫ్ రీడరు గుర్తొచ్చేది, తిట్టడానికి.

మంగళవారం పొద్దున ఆ ఒత్తులక్క రాతప్రతి కాగితాన్ని ఎడం పక్కకి కాస్త ఏటవాలుగా పట్టుకుని కూర్చుంది. బల్లకి అటుపక్క బాబాయి ప్రూఫు కాగితం ముందు పెట్టుకుని పైకి చదువుతున్నాడు. ఆయన ఎవరికీ బాబాయి కాడు, ప్రెస్సంతటికీ బాబాయి. అరవయ్యెనిమిదేళ్ళు. చదవడమే ఆయన ఉద్యోగం.

"ఆ ఏడాది నాకు బదిలీ అయింది, చుక్క. కొత్త స్కూలు, కామా, కొత్త ఇల్లు, కామా, కొత్త శత్రువులు, చుక్క. కొత్త పేరా."

"శత్రువులు అప్పుడే వచ్చేశారా? ఇంకా డెబ్భయ్యో పేజీయేగా," అంది ఒత్తులక్క.

"హెడ్మిస్ట్రెస్సు కదమ్మాయ్, తొందరగానే వస్తారు."

అసలు పద్ధతి ఇది కాదు. రాతప్రతిని బాబాయి చుక్కలతో సహా పైకి చదవాలి, ఒత్తులక్క ప్రూఫు మీద కన్నేసి తప్పులు పట్టాలి. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. మూడు నెలల కిందట ఆవిడే దాన్ని తిరగేసింది. "ప్రూఫు నువ్వు చదువు బాబాయ్, రాతప్రతి నేను పట్టుకుంటా. మార్పుగా ఉంటుంది," అంది. బాబాయి ఆవిడ ముఖంలోకి ఒకసారి చూసి, ఎందుకని అడక్కుండా కాగితాలు మార్చుకున్నాడు. ఎర్ర పెన్ను కూడా ఆయన చేతికే వెళ్ళింది. అప్పట్నించీ పేజీ తిప్పినప్పుడల్లా నంబరు గట్టిగా చెప్పడం, "పైనుంచి నాలుగో లైను" అని చోటు చెప్పడం ఆయనకి అలవాటైంది.

చూడబోతే ఒత్తులక్క రాతప్రతి మీద వంగి తల ఆడిస్తూ ఉంటుంది. చూడటం లేదు, వింటోంది. ఏ అక్షరం మీద చూపు నిలిపితే ఆ అక్షరమే మాయమవుతుంది. చుట్టూ అంచుల్లో ఏదో నీలంగా పాకుతున్నట్టు ఉంటుంది, నడిమధ్యలో బూడిదరంగు మరక. కుడికన్ను పూర్తిగా అంతే. ఎడమకన్నులో మరక ఇంకా చిన్నది. "అంచు చూపు ఉంటుందమ్మా, నడవడానికి ఇబ్బంది లేదు. చదువు మాత్రం పోతుంది," అన్నాడు కంటి డాక్టరు. మందు లేదా అంటే మాట మార్చాడు. ఎన్నాళ్ళు అంటే ఆరు నెలలు అన్నాడు. అందులో మూడు అయిపోయాయి.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. చెప్పిన రోజున తనకి ఈ బల్ల ఉండదు. బల్ల పోతే ఎలాగో బతకచ్చు. చదువు పోతే ఏం చెయ్యాలో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. ఏడో ఏట నుంచీ ఆవిడ చేసిన పని అదొక్కటే. తింటూ చదివింది, బస్సులో నిలబడి చదివింది, చుట్టాల పెళ్ళిలో పెరట్లోకి పోయి చదివి తిట్లు తింది. ప్రెస్సులో చేరింది కూడా అందుకే. పుస్తకం బజారుకు రాకముందే చదవచ్చన్న ఆశ.

చెవి మాత్రం ఆవిణ్ణి మోసం చెయ్యలేదు. వాక్యంలో ఓ మాట ఎగిరిపోతే, అది మెట్టు లేని చోట కాలు వేసినట్టు ఆవిడకి వెంటనే తెలిసిపోయేది. "ఆగు బాబాయ్, ఇక్కడ ఏదో పోయింది," అనేది. బాబాయి రాతప్రతి కేసి వంగి చూస్తే నిజంగానే పోయి ఉండేది. అలా మూడు నెలలు నెట్టుకొచ్చింది.

ఇప్పుడు చూస్తున్నది ఓ రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ ఆత్మకథ. ఊళ్ళో పెద్ద పేరున్న మనిషి, ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు సగం ఆఫీసుల్లో కుర్చీల్లో ఉన్నారు. అందరూ పెద్ద మేడం అంటారు. ఈ మధ్య వస్తున్న ఆత్మకథలంటే ఒత్తులక్కకి ఒళ్ళు మంట. మొదటి వంద పేజీలు బాల్యం: అమ్మ ఓర్పు, నాన్న కోపం, ఒక పెంపుడు కుక్క చావు. తర్వాతి వంద పేజీలు తనకి అన్యాయం చేసినవాళ్ళ జాబితా. చివరి వంద పేజీల్లో వాళ్ళందరినీ పెద్ద మనసుతో క్షమించెయ్యడం. తను చూసిన రెండు వందల ఆత్మకథల్లో ఇంతమంది ఇంతమందిని క్షమించారు గానీ, నన్ను క్షమించండి అన్నవాళ్ళని లెక్కపెడితే ఒక చేతి వేళ్ళకి రారు. అయినా చదువుతూనే ఉంటుంది. ఆ ఒక్క చేతి వేళ్ళ కోసం.

"నూట నలభై రెండో పేజీ," అన్నాడు బాబాయి.

ఆ పేజీలో పెద్ద మేడం చేతిగడియారం పోయింది. అనుమానం ఆయా మీదికి వెళ్ళింది. పదకొండేళ్ళుగా స్కూల్లో పనిచేస్తున్న ఆయా. ప్రార్థన వేళ, పిల్లలందరూ వరసల్లో నిలబడి ఉండగా ఆమె బ్యాగు బల్ల మీద బోర్లించమంది మేడం.

"దువ్వెన, కామా, బస్సు పాసు, కామా, మడిచిన తువ్వాలు, కామా, అరిగిపోయిన సుద్దముక్కలు నాలుగు పడ్డాయి, చుక్క. సుద్దముక్కలు ఎందుకని అడిగాను, చుక్క. కూతురు ఇంట్లో గోడ మీద రాసుకుంటుందని చెప్పింది, చుక్క. అది కూడా దొంగతనమే అన్నాను, చుక్క. పిల్లలు నవ్వారు, చుక్క."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఒత్తులక్క చేతిలో కాగితం కొంచెం కిందికి దిగింది.

"కానియ్."

"ఆ సాయంత్రమే ఆమెని పనిలోంచి తీసేశాను, చుక్క. ఎనిమిది నెలల తర్వాత గడియారం నా బీరువాలోనే, కామా, శాలువా మడతలో దొరికింది, చుక్క. ఆ రోజులే అలాంటివి, చుక్క. కొత్త పేరా. మా స్కూలుకి ఆ ఏడు..."

"ఆగు, ఆగు. మధ్యలో లైన్లు ఎగిరిపోయాయి."

"ఎక్కడ?"

"దొరికింది తర్వాత. ఆ రోజులే అలాంటివి ముందు. మూడు లైన్లు ఉండాలి. నేను మొన్న ఇంట్లో చదివాను కదా ఈ భాగం." రాతప్రతిని ముఖం దగ్గరికి తెచ్చుకుంది. "రాసుకో. మర్నాడు పొద్దున్నే ఆయా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను, చుక్క. గుమ్మంలో కూతురు గిన్నెలు తోముతోంది, చుక్క. అమ్మ లేదంది, చుక్క. లోపల దగ్గు వినపడుతూనే ఉంది, చుక్క. గడప బయటే నిలబడి, కామా, తప్పు నాదేనని గట్టిగా చెప్పి వచ్చేశాను, చుక్క."

టైపు చేసేవాళ్ళ కన్ను ఒక లైను మీంచి ఇంకో లైను మీదికి దూకడం రోజూ జరిగేదే. ఇంట్లో చదివానంది కదా అని బాబాయి ఈసారి రాతప్రతి కేసి వంగలేదు. ప్రూఫు అంచున ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, చెప్పింది చెప్పినట్టు రాశాడు. రాస్తూ రాస్తూ, "పర్వాలేదే పెద్ద మేడం," అన్నాడు.

"అందుకేగా చదివేది," అంది ఒత్తులక్క. ఆ రోజంతా ఆవిడ మనసు తేలిగ్గా ఉంది.

*

బుధవారం ప్రెస్సుకి సెలవు. ఒత్తులక్క చెల్లెలి ఇంటి ముందుగదిలో, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారు. చెల్లెలు జాకెట్లు కుడుతుంది. మిషను చప్పుడు మధ్య అక్క భూతద్దంతో నవల చదువుతోంది. నలభై పేజీలు మిగిలి మూడు వారాలైంది. ఒక్కో అక్షరాన్నీ మరక పక్కకి లాక్కొచ్చి, పోల్చుకుని, పక్కదాంతో కలుపుకోవాలి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతోంది.

కుర్చీ చేతి మీద ఓ కాగితం మడత ఉంది. అందులో పదకొండు పుస్తకాల పేర్లు, ఆరు నెలల్లో చదివి తీరాలని డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన రోజున రాసుకున్నవి. ఇప్పటికి చదివింది రెండు. నాలుగింటిని కొట్టేసింది, చదివి కాదు, కోపమొచ్చి. ఇప్పటి నవలల్లో ఎవరూ పనికి వెళ్ళరేమని ఆవిడ కోపం. మూడొందల పేజీలు మనిషి కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తూ తన గతం తలుచుకుంటూ ఉంటాడు, అతని అన్నం ఎవరు వండుతున్నారో రచయితకి పట్టదు. మొగుడూ పెళ్ళాం గట్టిగా పోట్లాడుకోబోతుండగా అధ్యాయం అయిపోతుంది. చివర్లో ఏమవుతుందో చెప్పడం నామోషీ అయిపోయింది. పాఠకుడికే వదిలేశానంటారు. చూపు తరిగిపోతున్న పాఠకురాలి సంగతి వాళ్ళకేం తెలుసు? ఆవిడకి ఒక్కో పేజీ అంటే కన్నులోంచి కోసి ఇచ్చినట్టు. ముగింపు లేని పుస్తకానికి అంత ఇవ్వలేదు.

అలాగని అన్నింటి మీదా కోపం లేదు. చేతిలో ఉన్న నవల బస్సు డిపోలో బస్సులు కడిగే ఒకామె కథ. ఏ బస్సు ఏ రూటులో తిరిగొచ్చిందో సీట్ల కింద దొరికే చెత్తని బట్టి చెబుతుందామె. కళ్ళు బాగున్న రోజుల్లో అయితే ఈ పుస్తకం కోసం ఆవిడ రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయి ఉండేది. ఆ మనిషి చివరికి ఏమైందో తెలుసుకోకుండానే తన కన్ను ఆరిపోతుందేమోనని ఒత్తులక్కకి పొద్దున్నుంచీ ఒకటే గుబులు.

"అక్కా, ఈ సూదిలో దారం ఎక్కించు. నా చేతికి నూనె అయింది."

ఒత్తులక్క సూది తీసుకుంది. దారం చివర నోట్లో తడిపి, నలిపి, సూదిని వెలుగుకెత్తింది. ఒకసారి పోయింది. రెండోసారి వేలిని గుచ్చింది. మూడోసారి దారం ఎక్కినట్టే అనిపించి లాగితే ఊడి వచ్చేసింది. మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళయింది?" అంది చెల్లెలు.

"ఏంటి?"

"నాటకాలాడకు. పేజీ తిప్పి గంటన్నరైంది. నేను జాకెట్టు పూర్తి చేశాను, నువ్వింకా అక్కడే ఉన్నావు. వయసైతే అద్దాలు మార్చుకుంటారు గానీ ఎవరైనా అద్దానికి ముక్కు ఆనించి కూర్చుంటారా?"

ఒత్తులక్క చెప్పింది. చెప్పడానికి నాలుగు వాక్యాలు కూడా పట్టలేదు. చెల్లెలు నూనె చేతులు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చిన్నప్పట్నించీ ఆమెకి పుస్తకాలంటే గిట్టదు. అవి సవతుల్లా అక్కని ఎత్తుకుపోయాయని ఆమె బాధ.

"పోతే పోనీ వెధవ పుస్తకాలు. కళ్ళున్నన్నాళ్ళూ మా ముఖం చూశావా నువ్వు?" అంటూ ఏడుపు మొదలుపెట్టింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని దగ్గరికొచ్చి, పుస్తకం లాక్కుని, బోర్లా పెట్టిన పేజీ తెరిచింది. "ఎక్కడున్నావు? ఏదీ, ఈ బస్సుల దగ్గరా? 'ఆమె... గొట్టం... మడిచి'... అబ్బ, ఎంత చిన్నక్షరాలే!"

చెల్లెలు కూడబలుక్కుని చదివింది. చుక్క వచ్చినా ఆగలేదు, కామా అంటే లెక్కే లేదు, ఒక పేరాలోంచి ఇంకో పేరాలోకి దూసుకుపోయింది. ఒత్తులక్క అరపేజీ ఓర్చుకుని వింది.

"వద్దులేవే. నువ్వు కుట్టుకో," అంది.

అనగానే తప్పు చేశానని తెలిసింది. చెల్లెలు పుస్తకం కుర్చీ మీద పడేసి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ రోజు ఇద్దరి మధ్యా మాట లేదు. ఒక మనిషి గొంతుతో చదివించుకోవాలంటే ఆ మనిషిని కూడా భరించాలి. ఒంటరిగా చదువుకోవడానికి అలవాటుపడ్డ ఒత్తులక్కకి అది చేతకాలేదు.

*

గురువారం మధ్యాహ్నం టైపింగ్ చేసే ఆవిడ వచ్చి ఒత్తులక్క బల్లకి ఆనుకుని నిలబడింది. ఇద్దరు పిల్లల తల్లి, గలగలా మాట్లాడుతుంది.

"అక్కా, ఆ ఆయా ఇంటికి వెళ్ళిన లైన్లు టైపు చేస్తుంటే ఏడుపొచ్చేసింది. అంత మంచి లైన్లు నేనెలా వదిలేశానో అర్థం కావట్లేదు. నా జన్మలో మూడు లైన్లు ఎగరగొట్టలేదు. ఒకటీ అరా తప్ప."

"రాతప్రతి చూసి కలిపావా?"

"మీరు చెప్పాక మళ్ళీ రాతప్రతి ఎందుకక్కా? ఎర్ర పెన్ను ఎలా ఉంటే అలాగే కొట్టేశాను. పొద్దున్నే మేడం గారికి అక్కడిదాకా అయిన ప్రూఫు వెళ్ళిపోయింది. ఆవిడ చూసి సంతకం పెడితే అచ్చుకే."

ఆమె వెళ్ళిపోయాక ఒత్తులక్కకి అనుమానం పట్టుకుంది. ఆ లైన్లు తను ఎప్పుడు చదివింది? ఇంట్లో, భూతద్దంతో, పది రోజుల కిందట. ఆ పేజీ దగ్గర కన్ను అలిసిపోయి దీపం ఆర్పేసిన గుర్తుంది. ఆర్పాక చదివిందా, ఆర్పకముందా? గిన్నెలు తోముతున్న పిల్ల కళ్ళ ముందు స్పష్టంగా ఉంది. కానీ మేడం గుండ్రటి నీలం అక్షరాల్లో 'గిన్నెలు' అన్న మాట ఎంత తలుచుకున్నా కనపడటం లేదు. ఎప్పట్నించో ఆవిడకో అలవాటుంది. పుస్తకం పక్కన పెట్టాక ముందేం జరగాలో మనసులో తనే నడిపించుకునేది. కళ్ళు బాగున్నప్పుడు మర్నాడు తెరిచి చూసుకునేది, రచయిత రాసింది వేరు, తను అల్లుకున్నది వేరు అని తేలిపోయేది. ఇప్పుడు తెరిచి చూసుకోవడమే పోయింది.

భోజనాల వేళ అందరూ వెళ్ళేదాకా ఆగింది. రాతప్రతి కట్ట విప్పి, టిఫిను డబ్బాలోంచి భూతద్దం తీసింది. పేజీ నంబర్లే ఒక్కోటి పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. నూట పదిహేను. నూట ఇరవై... ఆరో, ఎనిమిదో. చేతిరాతలో పేజీలు వేరు, ప్రూఫులో పేజీలు వేరు. నూట యాభై ఎనిమిది దగ్గర 'దువ్వెన' దొరికింది. దువ్వెన తర్వాత తువ్వాలు. తువ్వాలు తర్వాత సుద్ద. ఒక్కో మాటకీ అద్దం జరిపి, తల పక్కకి తిప్పి, వెనక్కి తెచ్చుకుని. 'పిల్లలు న' దాకా వచ్చేసరికి మెట్ల మీద మాటలు వినిపించాయి. భూతద్దం డబ్బాలో పడేసి మూత పెట్టింది.

బాబాయిని అడగచ్చు. అడిగితే చూసి చెబుతాడు. కానీ అడగడమంటే చెప్పడమే. రేపు అడుగుదాం అనుకుంది. శుక్రవారం కూడా రేపు అనే అనుకుంది.

*

శనివారం పదకొండింటికి పెద్ద మేడం స్వయంగా వచ్చింది. తెల్లటి మనిషి, చేతికర్ర, ముక్కుసూటి నడక. ప్రెస్సులో యాభై దాటినవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఓనరు తన కుర్చీ ఆవిడకిచ్చి, ఒత్తులక్కనీ బాబాయినీ గదిలోకి పిలిపించాడు. అతను పెద్ద ఓనరు గారి కొడుకు. చిన్నప్పుడు ఒత్తులక్క బల్ల కింద ఆడుకున్నవాడే.

"అక్కా, రాతప్రతిలో లేని లైన్లు ప్రూఫులోకి ఎలా వచ్చాయి?"

"లేకపోవడమేంటి బాబూ? ఉన్నాయి. టైపింగులో పోతే కలిపించాను."

"మేడం గారు తను రాయలేదంటున్నారు."

టైపింగావిడ రాతప్రతిలో ఆ పేజీ వెతికి తెచ్చింది. ఓనరు దాన్ని ఒత్తులక్క చేతికిచ్చాడు. "ఎక్కడున్నాయో చూపించండి, గొడవ వదిలిపోతుంది."

ఒత్తులక్క కాగితాన్ని ఎడం పక్కకి ఏటవాలుగా పట్టుకుంది. నీలంగా ఏదో పాకుతోంది, మధ్యలో మరక. ఇప్పుడైనా నాకు కనపడటం లేదని చెబితే సరిపోయేది. గడియారం దొరకడం పేజీ అడుగున ఉండాలని అంచనా వేసి, అక్కడ వేలు పెట్టింది.

"ఇదిగో. మర్నాడు పొద్దున్నే ఆయా ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. గుమ్మంలో కూతురు గిన్నెలు తోముతోంది..."

వేలు జరుపుతూ మూడు లైన్లూ చదివింది. ఎక్కడా తడబడలేదు.

"అక్కా," అంది టైపింగావిడ, ఏడుపు గొంతుతో. "మీరు వేలు పెట్టిన చోట ఏం రాసి లేదు. ఖాళీ."

ఓనరు లేచి నిలబడ్డాడు. ఏదో అనబోయి, ఒత్తులక్క ముఖం ముందు చెయ్యి మెల్లగా అటూ ఇటూ ఆడించాడు. చెయ్యి అంచుల్లో ఉన్నప్పుడు ఆవిడకి కనపడింది, మధ్యలోకి వచ్చినప్పుడు లేదు. ఆ కాసేపూ ఆవిడకి ఆ పిల్లాడి మీద కన్నా తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు నెలలు."

"ఈ మూడు నెలల్లో పదిహేను పుస్తకాలు వెళ్ళాయక్కా మన దగ్గర్నుంచి!"

"వాటిల్లో ఒక్క తప్పు చూపించండి," అన్నాడు బాబాయి. అంత గట్టిగా ఆయన మాట్లాడగా ఎవరూ వినలేదు. "నాకు తెలుసు. తెలిసే చదివాను. తియ్యాలంటే ఇద్దర్నీ తీసెయ్యండి."

"మీరు కాసేపు ఆగండి," అంది పెద్ద మేడం. అందరూ ఆగారు. ఆవిడ ప్రూఫు పేజీని ఒళ్ళో పెట్టుకుని ఉంది. "నేను ఫిర్యాదు చెయ్యడానికి రాలేదు. నిన్నటి నుంచి ఈ మూడు లైన్లూ ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు. నేను వెళ్ళలేదు. గడియారం దొరికిన రోజున వెళ్దామనుకున్నాను. చెప్పులు కూడా వేసుకున్నాను. అప్పుడే ఎవరో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చారు. తర్వాత రేపు వెళ్దాం అనుకున్నాను. అలా ముప్ఫయ్యొక్క ఏళ్ళు." చేతికర్ర మీద వేళ్ళు బిగించింది. "ఇది చదువుతుంటే వెళ్ళినట్టే ఉంది. ఆ పిల్ల, ఆ గిన్నెలు, లోపల దగ్గు. నేనే రాశానేమో అనిపించింది. దీన్ని ఉండనివ్వండి."

ఓనరు వెంటనే అందుకున్నాడు. "మీ పుస్తకం, మీ ఇష్టం మేడం."

"ఇంకోమాట. ఈవిణ్ణి తియ్యకండి. నా రెండో పుస్తకం కూడా ఈవిడే చూడాలి. ఎలా చూస్తారో అది మీరూ మీరూ తేల్చుకోండి."

"మీరు చెప్పాక ఇంకేముంది మేడం. బాబాయి ఉన్నాడు, అక్క ఉంది, ఎప్పట్లాగే నడుస్తుంది."

టైపింగావిడ ఒత్తులక్క భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. అంతా సర్దుకుంది. ఇప్పుడు ఒత్తులక్క చెయ్యాల్సింది ఒక్కటే, నోరు మూసుకుని ఉండటం. బల్ల ఉంటుంది, బాబాయి గొంతు ఉంటుంది, కొత్త పుస్తకాలు బజారుకన్నా ముందే చెవిన పడతాయి. చూపు పోయాక కూడా చదువు మిగులుతుంది. మూడు నెలలుగా కోరుకున్నదంతా బల్ల మీద పెట్టి మరీ ఇస్తున్నారు.

కానీ ఆవిడకి సుద్దముక్కలు గుర్తొచ్చాయి. అరిగిపోయిన సుద్దతో గోడ మీద రాసుకున్న పిల్ల ఈపాటికి నలభై దాటి ఉంటుంది. అలా రాసుకున్న పిల్ల చదవకుండా ఉండదు. ఏదో ఒకరోజు ఏదో లైబ్రరీలో ఈ పుస్తకం తీసి నూట నలభై రెండో పేజీకి వస్తుంది. తన అమ్మ బ్యాగు, తన సుద్దముక్కలు, పిల్లల నవ్వు, అన్నీ నిజం. ఆ తర్వాత మేడం తన గుమ్మం దాకా వచ్చినట్టు, తనే అబద్ధం చెప్పి వెనక్కి పంపించినట్టు ఉంటుంది. తను గిన్నెలు తోముతూ కూర్చున్న ఏ పొద్దున్నా ఎవరూ రాలేదని ఆ పిల్లకి తెలుసు. ఆ మాట ఆమె ఎవరితో చెబుతుంది? అచ్చులో ఉన్నదాన్ని కాదంటే ఎవరు నమ్ముతారు?

"కొట్టెయ్యాలి మేడం," అంది ఒత్తులక్క.

"ఏంటి?"

"నవలైతే ఉంచేదాన్ని. చచ్చినా కొట్టనిచ్చేదాన్ని కాదు. ఇది ఆత్మకథ. మీరు వెళ్ళలేదు."

"అక్కా, మేడం గారే ఉండనివ్వమంటుంటే మధ్యలో మీకేంటి?" ఓనరు గొంతు పెరిగింది. "ఏదో పెద్ద మనసుతో సర్దుకుపోదామంటే..."

"తప్పు నాది బాబూ. నాకు కనపడక, నేను అనుకున్నది రాయించాను. తప్పు చేస్తే దిద్దడమే కదా నా పని. ఆ ఒక్కటీ చేసి వెళ్ళిపోతాను."

పెద్ద మేడం ముఖం ఎర్రబడింది. స్కూలు మొత్తాన్ని నిలబెట్టిన ముఖం అది. ఆ ముఖం ఒత్తులక్కకి కనపడలేదు కాబట్టి భయం వెయ్యలేదు. చెయ్యి చాచి నిలబడింది. కొంతసేపటికి మేడం ప్రూఫు పేజీని ఆ చేతిలో పెట్టింది.

బాబాయి జేబులోంచి ఎర్ర పెన్ను తీసి మూత తీశాడు. "నేను కొట్టేస్తాను ఇవ్వమ్మాయ్."

"నేనే కొడతాను. మొదలు చూపించు."

ఆయన ఆవిడ వేలు పట్టుకుని 'మర్నాడు' అన్న మాట మీద పెట్టాడు. ఒత్తులక్క గీత గీసింది. వంకరగా పోయింది. రెండో గీత, మూడో గీత. ఇంకా అయిందో లేదో తెలియక కిందికి ఇంకోటి గీసి, అంచున కొట్టివేత గుర్తు చుట్టింది. గుర్తు మాత్రం ఇరవయ్యేడేళ్ళుగా చుట్టినట్టే గుండ్రంగా వచ్చింది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయి మెల్లగా. "కింది లైను కూడా పోయింది."

"ఏ లైను?"

"'ఆ రోజులే అలాంటివి.'"

"అయ్యో. అది మేడం గారిది. ఉంచమని కింద చుక్కలు పెట్టు బాబాయ్."

బాబాయి పెన్ను అందుకుని వంగాడు. పెద్ద మేడం చేతికర్ర చాచి ఆ కాగితం మీద అడ్డంగా పెట్టింది. ఆవిడ ఆ కొట్టేసిన లైను కేసే చూస్తోంది. గోడ అవతల మిషన్లు ఆగకుండా తిరుగుతున్నాయి.

"అక్కర్లేదు," అంది. "దాన్ని కూడా పోనివ్వండి."

ఓనరు రాతప్రతిని సొరుగులో పెట్టి చప్పుడయ్యేలా మూశాడు. ఆ చప్పుడుతోనే సోమవారం నుంచి తను రానక్కర్లేదని ఒత్తులక్కకి అర్థమైంది. బల్ల అంచు పట్టుకుంది.

"ఒకసారి చదువు బాబాయ్. సరిగ్గా ఉందో లేదో చూద్దాం."

బాబాయి కాగితం ఎత్తాడు. "ఆ సాయంత్రమే ఆమెని పనిలోంచి తీసేశాను, చుక్క. ఎనిమిది నెలల తర్వాత గడియారం నా బీరువాలోనే, కామా, శాలువా మడతలో దొరికింది, చుక్క."

ఆగాడు. ఒత్తులక్క తల పక్కకి వంచి వింటోంది.

"ఆ తర్వాత?"

"ఏం లేదమ్మాయ్. అంతే."

"సరిగ్గా ఉంది," అంది ఒత్తులక్క.